తాకితే కమిలే ఒళ్లు

మెదక్,
11 జూన్ 2001

బామ్మర్ది పరశురాంకు ఎల్లేష్ రాయునది.

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. మణికట్టులో రెండు ఎముకలు, బొటనవేలు, చూపుడువేలు. కత్తెర పట్టే వేళ్లను ఏరి మరీ కొట్టావు. లోపల ఇనుప పుల్లలు వేసి కట్టు కట్టారు. మళ్లీ గుడ్డ కోస్తానో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. బజారంతా ఎన్నికల జోరు. గులాబీ గుడ్డ తానులకు తానులు దిగుతున్నది. చేతనైన ప్రతి టైలరూ జెండాలు కుడుతున్నాడు, నేను దుకాణం ముందు కూర్చుని చూస్తున్నాను.

మే ఏడో తారీకు పొద్దున నువ్వు టైరు విప్పే రాడ్డు పట్టుకుని లోపలికొచ్చి, "మా అక్కను ముట్టిన చెయ్యి ఏదిరా?" అన్నప్పుడు నేను నవ్వాను. బామ్మర్ది పరాచికమాడుతున్నాడనుకున్నాను. మొదటి దెబ్బ పడేదాకా లేవనే లేదు. మిషను మీద ఎవరిదో పెళ్లి జాకెట్టు ఉండింది. అది నా నెత్తుటితో తడిసిపోయింది. నాలుగో దెబ్బకు మీ అక్క ఇంట్లోంచి ఉరికొచ్చి నా మీద పడింది కాబట్టి బతికాను.

నేను ఆమెను కొట్టలేదని చెప్పడానికి ఈ జాబు రాయడం లేదు. చెప్పినా నమ్మవు. మీ అక్క ఒంట్లో ఏదో జరుగుతున్నది, అందుకే రాస్తున్నాను. మూడేండ్ల కింద నా కొలతల పుస్తకంలో యాదలక్ష్మి నడుము ఇరవై తొమ్మిది. పోయిన నెల నలభై. తిని లావెక్కిందని పక్కింటి రాజమణి నవ్వుతుంది. తిని లావెక్కితే చేతులు కూడా లావెక్కాలి కదా! జాకెట్టు చేతి చుట్టు పదకొండున్నర ఉండేది, తొమ్మిదికి దిగింది. మెడ వెనక కండ ముద్దలా లేచి జాకెట్టు వీపును పైకి తంతున్నది. ముఖం గుండ్రంగా ఉబ్బి ఎర్రబడింది. పొట్ట మీద వంకాయ రంగు చారలు. మంచం కోడు తగిలితే చాలు, అక్కడ నల్లగా కమిలిపోతుంది. ఇరవై ఏండ్లుగా ఒళ్లు కొలుస్తున్నాను. ఒకే మనిషి సగం లావై సగం బక్కచిక్కడం నేనెక్కడా చూడలేదు.

మీ తల్లిగారింట్లో ఎవరికైనా ఇట్లాంటి జబ్బు ఉండేదా? అమ్మకు గాని, మేనత్తలకు గాని? ఒక్క ముక్క రాయి. ఆమెను అడిగితే నోరు విప్పడం లేదు.

ఎల్లేష్


సంగారెడ్డి జైలు,
20 జూన్ 2001

ఎల్లేషూ,

నన్ను బామ్మర్ది అని రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చిందిరా? ఒక చెయ్యి మిగిల్చినందుకా?

మా అమ్మకేం జబ్బుండేదని అడిగావు కదా, చెబుతా విను. మా అమ్మకు మా నాయన జబ్బుండేది. రోజూ కొట్టేవాడు. కన్ను వాచిపోయి కనిపిస్తే తలుపు తగిలిందని చెప్పేది. పన్ను రాలితే బావి దగ్గర జారానని చెప్పేది. ఆమె చచ్చిపోయిన రోజు కూడా పక్కింటోళ్లకు ఏదో ఒకటి చెప్పే ఉంటుంది. అప్పటికి నాకు తొమ్మిదేండ్లు. అక్క బీడీలు చుట్టి నన్ను పెంచింది. ఆ తంబాకు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరాడని దమ్ము పట్టుకున్నది కూడా నా కడుపు నింపడానికే.

మొన్న ఏప్రిల్‌లో నేనొచ్చినప్పుడు నీళ్లు తోడుతుంటే ఆమె కొంగు జారింది. జబ్బ మీద నాలుగు వేళ్ల గుర్తు, నల్లగా, లెక్కపెట్టుకునేంత తేటగా. మంచం కోడుకు నాలుగు వేళ్లుంటాయా? "ఎవలు గొట్టిండ్రే అక్కా?" అని అడిగితే, "ఎవలు గొట్టలేరురా, గట్లనే అయితున్నది" అని ఏడ్చింది. అచ్చం మా అమ్మే మాట్లాడినట్టున్నది. రాజమణిని అడిగితే, మీ ఇంట్లోంచి గిన్నెలు పగిలే చప్పుడు, మీ అక్క అరుపులు రోజూ వినబడతాయని చెప్పింది.

ఇక్కడ ఒకడు నన్ను, "ఏంరా, బావను గొట్టి వచ్చినోనివి నువ్వేనా?" అని ఎగతాళి చేశాడు. వాడి పెదవి చీలింది, నాకు రెండు రోజులు తిండి బంద్ అయింది. పరవాలేదు. బెయిలు ఇయ్యాల కాకపోతే రేపు వస్తుంది. ఆమె ఒంటి మీద ఇంకొక్క మచ్చ కనిపించిందని తెలిసిందో, ఈసారి మిషను తొక్కే కాళ్ల దగ్గర మొదలుపెడతా. నీ కొలతల పుస్తకంలో అది కూడా రాసుకో.

పరశురాం


మెదక్,
9 జులై 2001

పరశురాంకు,

నీ జాబు మూడు సార్లు చదివాను. మీ అమ్మ సంగతి నాకు ఇన్నేండ్లలో ఎవరూ చెప్పలేదు. మీ అక్క కూడా చెప్పలేదు. అందుకే దీనికి జవాబుగా నిజమే రాస్తాను. నచ్చకపోతే చింపెయ్.

రాజమణి విన్న చప్పుళ్లు నిజం. అయితే గిన్నెలు విసిరేది నేను కాదు. మీ అక్కకు నిద్ర పోయింది. నిద్ర లేక కోపం పెరిగింది. ఇంతకుముందు నాకు ఎదురు చెప్పని మనిషి, చారులో ఉప్పు తక్కువైందన్నందుకు మరుగుతున్న గిన్నె నా మీద బోర్లించింది. తొడ మీద తోలు ఊడింది. ఇంకోసారి పెద్ద కత్తెర విసిరితే నా చెవి పక్క నుంచి పోయి తలుపుకు దిగింది. అట్లా చేసిన తర్వాత నా కాళ్లు పట్టుకుని ఒకటే ఏడుపు. "నాలో ఎవలో సొచ్చిండ్రయ్యా" అంటుంది. ఆ నాలుగు వేళ్ల గుర్తు నాదే. ఆమె తల తీసుకుపోయి గోడకు బాదుకుంటుంటే జబ్బ పట్టుకుని ఆపాను. పట్టుకున్నంత మాత్రాన అంత కమిలిపోతుందని నాకు మాత్రం ఏం తెలుసు!

ఇంకొకటి. మార్చిలో ఒకనాడు, వేలు విరిగేటట్టు నా చెయ్యి కొరికినప్పుడు, చెంప మీద కొట్టాను. ఒక్కసారి. ఆ వాపు దిగడానికి పదిహేను రోజులు పట్టింది. రోజూ అదే నాకు అన్నం ముందు కనబడేది. నువ్వు రాడ్డు ఎత్తినప్పుడు దీనికేనేమో అనుకున్నాను. నిన్ను నేను పూర్తిగా తప్పు పట్టలేకపోవడానికి కారణం అదే. మిగతా మూడు దెబ్బలు మాత్రం నువ్వు నాకు బాకీ.

మొన్న చర్చి రోడ్డులో ఉండే ఫేబ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె ముందు మందులేమీ రాయలేదు. నా కొలతల పుస్తకం తీసి చూపిస్తే కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో సంవత్సరం చదివింది. "ఎల్లేష్, ఇది తిండి కొవ్వు గాదు" అన్నది. మీ అక్కను కింద కూర్చోబెట్టి, "చెయ్యి ఆనించకుండ లేవమ్మా" అన్నది. లేవలేకపోయింది. తొడల్లో బలం లేదు. జబ్బ మీద వేలితో మెల్లగా నొక్కింది, చూస్తుండగానే అక్కడ నీలం తేలింది. పొట్ట మీది చారలు చూసింది. బీపీ, షుగరు రెండూ ఎక్కువే. నెలసరి ఏడాదిగా సరిగ్గా లేదట, నాకే చెప్పలేదు.

దీన్ని కుషింగ్ జబ్బంటారట. మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులుంటాయి, వాటిలోంచి కార్టిసాల్ అనే రసం వస్తుంది. అది సరిగ్గా ఉంటేనే మనిషి లేచి తిరుగుతాడు. అదే ఏండ్ల తరబడి ఎక్కువైతే తోలు పలచనవుతుంది, కండ కరుగుతుంది, కొవ్వంతా ముఖానికీ మెడకూ పొట్టకూ చేరుతుంది, మనసు కూడా చెడుతుంది. కోపం, ఏడుపు, నిద్ర లేకపోవడం అన్నీ అందులోవే. "ఇసొంటోళ్లను ఎవలో గొట్టిండ్రని తీసుకొచ్చినోళ్లను నేను ఇంతకుముందు గూడ చూసిన" అన్నది డాక్టరమ్మ.

ఆ రసం లోపలి నుంచి ఎక్కువవుతుందా, బయటి మందు వల్లనా అని తేల్చాలట. "ఏమన్న మందు తింటున్నవా? పొడి, గోలీ, పసరు?" అని రెండుసార్లు అడిగింది. మీ అక్క నేల చూస్తూ లేదని చెప్పింది. రక్తం తీసి హైదరాబాద్ పంపారు. నీకేమన్నా తెలుసా?

ఎల్లేష్


సంగారెడ్డి జైలు,
16 జులై 2001

ఎల్లేషూ,

కొట్టావని నీ నోటితోనే ఒప్పుకున్నావు. ఈ జాబు దాచిపెట్టా. కోర్టులో చూపిస్తా. ఒక్కసారి కొట్టినోడు ఇంకోసారి కొట్టడని నన్ను నమ్మమంటావా? మా నాయన కూడా మొదటిసారి ఒక్కసారే కొట్టి ఉంటాడు.

మా అక్క ఏ మందూ తినదు. ఎవరో డాక్టరమ్మ ఏదో అన్నదని నువ్వు నేరం కడుక్కోవాలని చూడకు.

ఊరికే అడుగుతున్నా. బయటి మందు వల్ల ఇట్లా అయితే, ఆ మందు మానేస్తే తగ్గిపోతుందా? చారలు పోతాయా? వెంటనే రాయి.

పరశురాం


మెదక్,
30 జులై 2001

పరశురాం,

నీ ప్రశ్నకు జవాబు ఇదిగో.

శుక్రవారం పొద్దున మీ అక్క బీడీ ఆకు తడుపుతూ అట్లాగే ముందుకు వాలిపోయింది. వాంతులు. ఒళ్లంతా చల్లటి చెమట. మంచం మీద పడేస్తే గుడ్లు తేలేసింది. రాజమణి, నేను కలిసి జీపులో వేసి ఫేబ డాక్టరమ్మ దవాఖానకు చేర్చాము. నాకున్నది ఒక చెయ్యి, ఆమెను ఎత్తుకోలేకపోయాను. కాళ్లు నేల మీద ఈడ్చుకుంటూ తీసుకుపోయాను. ఆ మడమల తోలు చిరిగి మెట్ల మీద నెత్తురు చారలు పడ్డాయి. నువ్వు విరగ్గొట్టిన చెయ్యి ఆ పూట నాకు గుర్తొచ్చినట్టు ఎప్పుడూ గుర్తు రాలేదు.

అప్పటికే హైదరాబాద్ నుంచి రక్తం కాగితం వచ్చి ఉన్నది. డాక్టరమ్మ నాకు చూపించింది. "ఒళ్లు జూస్తే ఆ రసం పొంగి పొర్లుతున్నట్టున్నది, రక్తంల జూస్తే లేనే లేదు. అంటే బయటికెల్లి గసొంటి మందే ఏదో కడుపులకు పోతున్నది. ఏండ్ల సంది పోతుంటే లోపలి గ్రంథులు పని బంద్ జేసినయ్. ఇప్పుడు బయటిది గూడ ఎవలో టక్కున ఆపిండ్రు. ఇగ మనిషి దేని మీద నిలబడాలె?" అన్నది. సూదులిచ్చి, సెలైన్ పెట్టి తేర్చింది. అట్లాంటి మందు హఠాత్తుగా మానకూడదట. గోలీలు ఇచ్చుకుంటూ నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించాలట. లేకపోతే ఇట్లాగే ప్రాణం పోతుందట.

తెలివి రాగానే మీ అక్క చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? సెలైన్ సూది పీకి పారేసింది. చెయ్యి తోలు కాగితంలా చిరిగింది. గోలీ నోట్లో పెడితే నా మొహాన ఉమ్మింది. నలుగురం పట్టుకుంటే నర్సు చెయ్యి కొరికింది. ఒకటే మాట అరుస్తున్నది. "ఇంకో మందు కలిస్తె నా తమ్ముడు సస్తడు. పేరు జెప్తె సస్తడు. వాని తల మీద ఒట్టేసిన!"

అప్పుడు నీ జాబు బయటికి తీసి మళ్లీ చదివాను. మానేస్తే తగ్గుతుందా అని ఊరికే అడిగావు కదా! నువ్వే ఏదో తెచ్చి ఇచ్చావు. జైల్లో ఉండి కూడా ఎవరి చేతనో పంపించావు. నా జాబు చూసి, నాకు చెప్పకుండా ఆపించావు. అవునా కాదా?

ఇప్పుడు విను. నిన్న డాక్టరమ్మ తాడుతో చేతులు కట్టి సూది ఇచ్చింది. రోజూ కట్టేసి ఇయ్యలేము అన్నది. ఆ ఒట్టు మీ అక్క గొంతుకు బిగిసి ఉంది. దాన్ని తియ్యగలిగినవాడివి నువ్వొక్కడివే. నీ చేత్తో రాసి పంపు. ఏం పొడో, ఎవడిచ్చాడో, ఎంత తిన్నదో కూడా రాయి. ఆమెకు ఏమన్నా అయ్యిందంటే, నీకు బెయిలు వచ్చే రోజు జైలు గేటు దగ్గర నేనే ఉంటా. పెద్ద కత్తెర ఎడమచేత్తో పట్టడం నేర్చుకున్నాను. జైలర్ సారు ఈ జాబు చదువుతాడని నాకు తెలుసు. చదవనీ.

ఎల్లేష్


సంగారెడ్డి జైలు,
1 ఆగస్టు 2001

బావకు,

నీ జాబు ఇప్పుడే అందింది. చదివింది నేను కాదు, జైలర్ సారే చదివి నన్ను పిలిపించి ముందు నిలబెట్టాడు. ఇది పోస్టులో పోదు. కోర్టు పేషీ మీద మెదక్ వస్తున్న కానిస్టేబుల్ చేతికిచ్చి పంపుతున్నాడు.

అవును. నేనే.

మూడేండ్ల కింద అక్కకు దమ్ము ఎక్కువై పడుకోలేక కూర్చునే తెల్లారించేది. రేగోడ్ వారపు అంగడిలో భూమయ్య అని ఒక మందులాయన పొడి ఇస్తాడని లారీ డ్రైవర్లు చెబితే పోయాను. బూడిద రంగు పొడి, పొద్దున ఒక చిటికెడు, సాయంత్రం ఒక చిటికెడు. మూడో రోజుకే అక్క గాలి ఆడి నవ్వింది. నేను ఆ భూమయ్య కాళ్లు మొక్కాను బావా. ఆయన రెండు షరతులు పెట్టాడు. మందు తల్లిగారి చేతి నుంచే అందాలి, అత్తగారింట్లో ఎవరికీ తెలియకూడదు. తెలిసినా, ఇంకో మందు దాంతో కలిసినా గుణం తిరగబడి, ఎవరి తల మీద ఒట్టేస్తే వాళ్లకు తగులుతుంది. ఆ ఒట్టు అక్క నా తల మీదే వెయ్యాలన్నాడు. తమ్ముణ్ణి చంపుకునే ఆడది ఉండదని వాడికి బాగా తెలుసు. చిటికెడు చాలక పోయినేడాది నుంచి చెంచా తింటున్నది.

నేను లోపలికి వచ్చాక నా పంక్చర్ షాపు పొత్తు మనిషి మదన్ మోహన్‌తో పంపించాను. నీ రెండో జాబు చదివి భయమైంది. ములాఖత్‌కు వచ్చినప్పుడు, "పొడి ఇయ్యకు, అడిగితే అయిపోయిందను" అని చెప్పాను. నీకు రాస్తే నువ్వు గెలిచినట్టవుతుందని రాయలేదు. అంతే. ఇంకో కారణం లేదు.

కింద ఉన్నది అక్కకు. నువ్వు చదవకు, రాజమణి చేత చదివించు. నీ గొంతుతో వింటే నువ్వు రాసుకున్నావనుకుంటుంది.

అక్కా, నేను పరశురాంని. పెద్ద వానలో నన్ను సంకనేసుకుని చేగుంట కట్ట దాటించినప్పుడు నా చెప్పు ఒకటి కొట్టుకపోయింది, నువ్వు నీ చెప్పులు నాకిచ్చినవు. ఈ మాట మనిద్దరికే తెలుసు. కాబట్టి ఇది రాసింది నేనే. నిన్న కాదు, ఇప్పుడే, బ్యారక్‌లో అరవై మంది ముందు నిలబడి గట్టిగ చెప్పిన. "రేగోడ్ భూమయ్య పొడి, మా అక్క మూడేండ్ల సంది తింటున్నది" అని. మందు పేరు చెప్పిన, మనిషి పేరు చెప్పిన, ఊరు చెప్పిన. నా తల నా భుజాల మీదనే ఉన్నది అక్కా. ఒట్టు నేనే తీసేస్తున్న. డాక్టరమ్మ ఇచ్చిన గోలీ మింగు. మింగకుంటే నేను ఇక్కడ మెతుకు ముట్ట. ఇది నా ఒట్టు, నీ తల మీద.

బావా, నాకు బెయిలు రాగానే రేగోడ్ పోతా. భూమయ్యను అంగడి నడిబజార్లో నరుకుతా. జైలర్ సారు ఈ మాట కొట్టెయ్యమన్నాడు. కొట్టెయ్యను.

పరశురాం


మెదక్,
26 ఆగస్టు 2001

పరశురాంకు ఆశీస్సులు.

రాజమణి చదువుతుంటే మీ అక్క కళ్లు మూసుకుని విన్నది. చెప్పుల మాట దగ్గర లేచి కూర్చున్నది. మళ్లీ చదవమన్నది. మూడోసారి చదివాక చెయ్యి చాపింది. డాక్టరమ్మ గోలీ పెట్టింది, మింగింది. తర్వాత చాలాసేపు నిన్ను తిట్టింది. ఆ తిట్లు రాయడానికి నా ఎడమచేతికి సిగ్గేస్తున్నది.

నాలుగు వారాలు దవాఖానలో ఉండి మొన్న ఇంటికొచ్చాము. మదన్ మోహన్ దగ్గర మిగిలిన పొట్లం డాక్టరమ్మ పరీక్షకు పంపింది. పసరు లేదు, వేరు లేదు. స్టెరాయిడ్ గోలీలు నూరి బూడిదలో కలిపారు. దమ్ము తగ్గడానికి అసలు డాక్టర్లు కూడా వాడే మందే, కొలిచి ఇస్తారు, మానేటప్పుడు మెట్టు మెట్టుగా దించుతారు. వీడికి కొలత లేదు. పూర్తిగా దించడానికి మీ అక్కకు ఏడాది పట్టొచ్చట. దమ్ముకు వేరే పీల్చే మందు ఇచ్చింది. బీడీలు చుట్టడం మాన్పించాను.

ఆమెకు నిన్న ఏకబిగిన ఐదు గంటల నిద్ర పట్టింది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. ఎందుకో రాయలేను. మూడేండ్లు పక్కలో పడుకుని ఆమె ఏం తింటున్నదో తెలుసుకోలేదు. జాకెట్టు కొలత మారితే పుస్తకంలో రాసుకున్నాను, అంతే.

నీ బెయిలుకు నేను అడ్డం చెప్పనని వకీలుకు చెప్పాను. కాని కోర్టులో నువ్వు నా చెయ్యి విరగ్గొట్టలేదని చెప్పమంటే చెప్పను. విరగ్గొట్టావు. వేళ్లు మడత పడటం లేదు. మార్చిలో నేను కొట్టిన దెబ్బ కూడా అక్కడే చెబుతాను. ఇద్దరివీ బయట పడనీ.

ఇక భూమయ్య సంగతి. నరుకుతానని రాశావు. చదివి నాకు కడుపు నిండింది, అబద్ధమెందుకు? రాడ్డు నేనే పదును పెట్టి ఇద్దామనుకున్నాను. ఆ మాట డాక్టరమ్మతో అంటే ఆమె ఒకటే అడిగింది. "ఆయన దగ్గర ఎంతమంది కొంటరు?" వంద మంది లైను కడతారని మదన్ మోహన్ చెప్పాడు. "ఆయన సచ్చిండనుకో. వచ్చే వారం ఆ వంద మందికి పొడి దొరకదు. యాదలక్ష్మి పడ్డట్టే పడ్తరు. జీపు ఎక్కిచ్చేటోళ్లు ఎంతమందికి ఉన్నరు?" అన్నది.

ఆమె పోలీసులకు కాగితం రాసి ఇచ్చింది, చూస్తామన్నారు. వాళ్లు పట్టుకున్నా అదే గతి, పొడి టక్కున ఆగుతుంది. ముందు తినేవాళ్లకు తెలియాలి. నేను చెబితే ఎవరు నమ్ముతారు? పెండ్లాన్ని కొట్టిన టైలరునని ఈ చుట్టుపక్కల పేరు పడ్డది కదా, నీ పుణ్యమా అని. తెచ్చి తినిపించినవాడివి నువ్వు. చెప్పాల్సింది నువ్వే. రాడ్డు తీసుకుపోకు.

మీ బావ


చేగుంట,
27 సెప్టెంబర్ 2001

బావకు, అక్కకు పరశురాం దండాలు.

బెయిలు మీద బయటికొచ్చి పది రోజులైంది. మెదక్‌లో కాలు పెట్టొద్దని, వారానికోసారి ఇక్కడి ఠాణాలో సంతకం పెట్టాలని షరతు. అందుకే జాబు.

నిన్న బుధవారం రేగోడ్ అంగడికి పోయాను. మదన్ మోహన్ నేను వద్దన్నా లారీలో రాడ్డు పెట్టాడు. అది లారీలోనే ఉంచి దిగాను. భూమయ్య ఎప్పటిలాగే సీసాలు పరిచి కూర్చున్నాడు. ముందు లైను, ఎక్కువ ఆడవాళ్లే. తెలంగాణ మీటింగుకు వేసిన బల్ల ఒకటి ఇంకా తియ్యలేదు. దాని మీద ఎక్కి నిలబడ్డాను. నాకు మైకు లేదు, మాట తీరు కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నేను మా అక్కకు గిదే పొడి మూడేండ్లు తినవెట్టిన. ముఖం ఉబ్బింది, చేతులు పుల్లలైనయ్, ముడితె నల్లగయింది. బావ కొడుతున్నడనుకొని ఆయన చెయ్యి ఇరగ్గొట్టి జైలుకు పోయిన. టక్కున మాన్పిచ్చిన, సావు దాక పోయొచ్చింది. మీరు గూడ తినకుండ్రి అంటలేను. ఒక్కసారే మానకుండ్రి అంటున్న. పొట్లం పట్టుకోని డాక్టర్ దగ్గరికి పోండ్రి."

భూమయ్య లేవకుండానే, "వీడు జైలు పక్షి. నా మందు ఫుకట్ల ఇయ్యలేదని పగ వట్టిండు" అన్నాడు. అంతే. మొదటి దెబ్బ వెనక నుంచి పడింది. ఒక ముసలాయన, కొడుకు దమ్ముకు ఆ పొడే ఆధారమట, ఏడుస్తూ కర్రతో కొట్టాడు. తర్వాత ఎవరు కొట్టారో తెలియదు. బల్ల మీంచి లాగి తన్నారు. రెండు ముందు పళ్లు పోయాయి, పక్కటెముక ఒకటి కదిలింది. బావా, నా చెయ్యి లేవలేదని గొప్పలు చెప్పను. లేచింది. ఆ ముసలాయన గొంతు నా చేతికి అందే దూరంలో ఉన్నది. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని పడుకున్నాను. నువ్వు దుకాణంలో ఎట్లా పడి ఉన్నావో అప్పుడు తెలిసింది. నువ్వు తప్పు చెయ్యకుండా తిన్నావు, నేను చేసి తిన్నాను.

అంగడి సద్దుమణిగాక బస్సుల దగ్గర నల్లా కింద నోరు కడుక్కుంటున్నాను. ఒకామె వచ్చి నిలబడింది. ముఖం గుండ్రంగా, ఎర్రగా. మాట్లాడకుండా కొంగు తీసి జబ్బలు చూపించింది. రెండూ నల్లగా కమిలి ఉన్నాయి. వెనక ఆమె మొగుడు తల దించుకుని నిలబడ్డాడు. వాణ్ణి చూడగానే నా పిడికిలి బిగిసింది, పాత అలవాటు. విప్పుకుని ఆమెనే అడిగాను. "ఎన్నేండ్ల సంది తింటున్నవమ్మా?"

"రెండేండ్లు" అన్నది. మొగుడు అక్కడే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పెండ్లాన్ని కొడుతున్నాడని ఊరు ఊరంతా వాడి మీద ఉమ్మేస్తున్నదట. చూస్తుండగానే ఇంకో నలుగురు చేరారు.

సోమవారం మొదటి బస్సుకు ఐదుగురు మెదక్ వస్తున్నారు. అప్పటిదాకా పొడి మానొద్దని, పొట్లాలు వెంట తెచ్చుకోమని చెప్పాను. భూమయ్య వచ్చే వారం ఇంకో అంగడికి పోతాడట, నేనూ వెనకే పోతాను. వీళ్లను డాక్టరమ్మ దగ్గరికి చేర్చే పని మాత్రం నీదే. నాకు ఆ ఊళ్లో అడుగుపెట్టే వీలు లేదు. బస్టాండులో ఉండు బావా.

నిన్ను గుర్తుపట్టేదెట్లా అని వాళ్లడిగారు. కుడిచెయ్యి పనిచెయ్యని మనిషి ఒకాయన నిలబడి ఉంటాడని చెప్పాను. పాపం, ఎట్లా పోయింది ఆ చెయ్యి అని ఆ మొగుడు అడిగాడు.

నేనే విరగ్గొట్టిన అని చెప్పాను.

పరశురాం